ఓడ కంపెనీ షేరు

దర్జీ భార్య సరుకుల ఓడలో వంటమనిషి. ఆమె వెళ్లినప్పటి నుంచి ఇల్లు బావురుమంటోంది. ఆ ఓడ కంపెనీ షేర్లు కొందామని దర్జీ బావమరిదిని పిలిచి కూర్చోబెట్టాడు.

దర్జీకి ఇప్పటికే ఉన్న షేర్లు ఫోనులో చూసి బావమరిది నవ్వాడు. "రేవు కంపెనీ, కంటైనర్ల కంపెనీ, ఓడలకేసే రంగుల కంపెనీ... అన్నీ సముద్రంలోనే పెట్టావేంటి బావా! సరుకు రవాణా తగ్గితే అన్నీ ఒక్కసారే పడతాయి. పైగా అక్క జీతం కూడా ఈ కంపెనీదే. ఇది మునిగితే జీతమూ పోతుంది, డబ్బూ పోతుంది."

"లాభం కోసం కాదురా. ఆ ధర అటూ ఇటూ కదులుతుంటే, మీ అక్క అక్కడ పొయ్యి దగ్గర తిరుగుతున్నట్టు ఉంటుంది."

బావమరిది నవ్వు ఆపేశాడు. షేరు కొనకుండా, ధర మాత్రం కనపడేలా పెట్టి ఫోను చేతికిచ్చాడు. "చూడ్డానికి డబ్బులక్కర్లేదు బావా."

కాసేపటికి అంకె మారింది.

"వంట మొదలెట్టింది," అన్నాడు దర్జీ, ఫోను మీంచి కళ్లు తీయకుండా.