విషయం గడిలో ఒక్క మాట

నిన్న సాయంత్రం ముద్ర మీద తిప్పి పెట్టిన తేదీ గోడ మీది క్యాలెండరుతో సరిపోయిందో లేదో తేదీగారు కళ్ళజోడు పైకి నెట్టి చూసుకున్నాడు. సరిపోక ఎక్కడికి పోతుంది? అయినా చూసుకోవాలి. ఇంటికి వెళ్ళేముందు ఆ రబ్బరు చక్రాన్ని ఒక్క అంకె ముందుకు తిప్పడం, పొద్దున్నే వచ్చి సరిచూసుకోవడం, ఈ రెంటి మధ్యా ఆయనకు ముప్ఫై ఒక్కేళ్ళు గడిచిపోయాయి.

వినికిడి లేని పిల్లల బడి నడిపే సంఘానికి ఆయన గుమాస్తా. సన్నటి మనిషి. అరిగిన చొక్కా కాలరును తిరగేసి కుట్టించుకున్నట్టు తెలిసిపోతూ ఉంటుంది. కుడి బొటనవేలికి అంటిన ఊదా సిరా ఏ సబ్బుకీ లొంగలేదు. తేదీ లేని కాగితాన్ని చేత్తో ముట్టడు కనక 'తేదీగారు' అన్న పేరు పడింది. అసలు పేరు జీతాల పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఒక్కోసారి ఆయనక్కూడా. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించి, 'విషయం' అన్న గడిలో ఒక్క మాట రాస్తాడు. ఇన్నేళ్ళ రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. ఆయన గొప్పంతా అదే.

ఈవేళ పదకొండింటికి కార్యవర్గ సమావేశం. గొడవంతా ఆయన రాసిన ఒక్క మాట గురించే.

మూడు వారాల కిందట టీచరమ్మ ఒక ఉత్తరం తెచ్చి ఇచ్చింది. ఆ బడిలోనే పాఠాలు చెప్పి రిటైరై, కార్యవర్గంలో సభ్యురాలైన మనిషి. ప్రతి గురువారం వచ్చి, "దగ్గు తగ్గిందాండీ? మందు వేసుకుంటున్నారా, లేక సీసాని చూసి ఊరుకుంటున్నారా?" అని అడుగుతుంది. వారం మొత్తం మీద ఆయన్ని ఏదైనా అడిగే మనిషి ఆవిడొక్కతే. ఉత్తరంలో ఉన్నది ఒకటే వాక్యం: 'ఇక నాకు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన.' ఇచ్చి, "వెళ్ళొస్తానండీ" అంది. కిటికీ అవతలి నుంచి బడి పిల్లల సైగ కూడా చేసింది. చెయ్యి ముందుకు చాస్తే వెళ్తున్నానని. చాచిన చేతిని మళ్ళీ గుండె దగ్గరికి తెచ్చుకుంటే తిరిగొస్తానని. ఆవిడ చెయ్యి వెళ్ళి తిరిగొచ్చింది. ఆయన కళ్ళారా చూశాడు.

చూసి కూడా నమ్మలేదు. ఆయన భార్య ఆసుపత్రికి బయల్దేరుతూ వెళ్ళొస్తాననే అంది. ఊరు మారిపోతూ తమ్ముడూ అదే మాట అన్నాడు. వెళ్ళేవాళ్ళంటే వెళ్ళిపోయేవాళ్ళేనని ఆయన మనసులో స్థిరపడిపోయింది. ఇక గురువారాలు కూడా లేవు కాబోలు అనుకున్నాడు. ఆ బాధలోనే విషయం గడిలో 'రాజీనామా' అని రాసేశాడు.

కంటి ఆపరేషను చేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని మొన్న టీచరమ్మ తిరిగొచ్చేసరికి సభ్యుల జాబితాలో ఆవిడ పేరే లేదు. ఈవేళ ఓటుకి పెడుతున్నది పిల్లల వసతిగృహం సంగతి. మూసెయ్యాలని ముగ్గురు, వద్దని ముగ్గురు. ఏడో ఓటు ఆవిడది. ఆవిడ లేకుండా ఓట్లు సమానమైతే, మూసెయ్యాలంటున్న అధ్యక్షులవారి మాటే చెల్లుతుంది.

"సెలవంటే సెలవేనండీ. కంటికి కట్టు కట్టించుకోడానికి ఎవరైనా రాజీనామా ఇస్తారా?" అంది టీచరమ్మ, సమావేశం మొదలవగానే. మాటతో పాటు ఆవిడ చేతులూ ఆడుతున్నాయి.

"మరి 'ఇక సెలవు' అని ఉత్తరాల చివర ఎందుకు రాస్తామమ్మా?" అధ్యక్షులవారు నవ్వారు. "ఆపరేషను సంగతి ఒక్క ముక్క రాశారా?"

"నా కళ్ళ గొడవ మీకెందుకని రాయలేదు."

"పోనీ, ఉత్తరం అందుకున్నది మన తేదీగారు. రాజీనామా అనే రాశారు. ఆయన చెయ్యి తప్పు రాయదు. ఏమండీ?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ గదిలో ఆయన్ని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఆ పొగడ్త ఆయనకు తియ్యగానే తగిలింది, లేదనడం దేనికి? 'ఊ' అంటే చాలు. రిజిస్టరు మచ్చ లేకుండా ఉండిపోతుంది. వసతిగృహానికి తాళం పడుతుంది.

ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "తప్పు రాశానండి. అమ్మగారు వెళ్ళొస్తాననే చెప్పారు. నేనే... వెళ్ళిపోతున్నారనుకున్నాను."

"అలా ఎందుకనుకున్నారు?" అన్నారు అధ్యక్షులవారు.

దానికి జవాబు విషయం గడిలో పట్టేది కాదు. ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కుని, స్కేలు పెట్టి 'రాజీనామా' మీద గీత కొట్టాడు. పైన 'సెలవు' అని రాసి, పొడి అక్షరాల సంతకం చేసి, కింద తేదీ వేశాడు. స్కేలు ఉండి కూడా గీత వంకరగా వచ్చింది.

వసతిగృహం నాలుగు ఓట్లతో నిలబడింది. అందరూ లేచాక అధ్యక్షులవారు ఆయన్ని గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "దిద్దిన రిజిస్టరుకి ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదండీ" అన్నారు.

"నేనేనండి."

"అయితే సాయంత్రంలోగా కాగితం ఇచ్చేయండి. విశ్రాంతి తీసుకుందురుగాని."

టీచరమ్మకు ఇదేమీ తెలియదు. సంబరంగా మెట్లు దిగుతూ, "గురువారం వస్తాను, మందు మానకండి!" అని కేకేసి వెళ్ళిపోయింది. ఆయన తలూపాడు. చెబితే ఆవిడ మళ్ళీ గొడవకి దిగుతుంది, ఆ కళ్ళతో.

తెచ్చుకున్న డబ్బాలోది తిని, డబ్బా కడుక్కుని, ఆయన తన కాగితం రాసుకున్నాడు. అందులో సెలవు అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. రేపు దాని మీద ఇంకెవరూ కొట్టుకోకూడదు. ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించి, విషయం గడిలో 'రాజీనామా' అని గుండ్రంగా రాశాడు. ఈసారి తప్పు లేదు.

ఆవరణలో బంతాడుతున్న పిల్లలు ఆయన్ని చూసి, రోజూలాగే చేతులు చాచి గుండెలకు తెచ్చుకున్నారు. ఆయనా చెయ్యి చాచాడు. వెనక్కి తెచ్చుకోబోయి, పిల్లలతో అబద్ధం ఎందుకని జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళు కాసేపు ఆ చేతి కోసం చూసి, మళ్ళీ ఆటలో పడ్డారు.

లోపల బల్ల మీద ముద్ర ఉంది. వెళ్ళేముందు ఎప్పట్లాగే చక్రాన్ని ఒక్క అంకె తిప్పి పెట్టాడేమో, దాని మీద రేపటి తేదీ ఉంది.