మూడు ప్రాంతాలకూ సమాన వర్షం

దేశంలో ఎక్కడ మబ్బు పట్టినా ముందు జనార్ధనరావు అనుమతి తీసుకునే పట్టినట్టుండేది ఆయన వరస. నాచారంలో ఒక ఫ్యాక్టరీ గుమాస్తా. పొద్దున ఏడింటికల్లా లక్ష్మీనర్సమ్మ టీ బండి దగ్గర నిలబడి, రాత్రి టీవీలో విన్న వాతావరణ విశేషాలన్నీ ఒప్పజెప్పేవాడు. రాజస్థాన్‌లో రుతుపవనాలు తిరుగుముఖం పట్టాయట, విదర్భలో ఉరుములట, ఒడిశా తీరంలో గాలులట. వినేవాళ్ల చేతుల్లో టీ చల్లారిపోయేది.

చిక్కల్లా మన రాష్ట్రం దగ్గరికొచ్చేసరికే. అవి 2011 సెప్టెంబరు రోజులు. తెలంగాణ కోసం సమ్మె, బస్సులు బంద్. జనార్ధనరావుది కోస్తాలో గుంటూరు జిల్లా, బతికేది ఇక్కడ తెలంగాణలో. ఏ మాటంటే ఏం ముంచుకొస్తుందోనని బెరుకు. టీవీవాళ్లు మాత్రం ఏ ఉద్యమమూ లేకుండానే కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని ఎప్పుడో విడగొట్టేశారు. అందుకని ఆయన బండి దగ్గర మూడింటికీ సమానంగా పంచేవాడు. కోస్తాలో జల్లులు పడితే తెలంగాణకూ నాలుగు చినుకులు తన ఖాతాలోంచి కలిపేవాడు.

ఆ శనివారం లక్ష్మీనర్సమ్మ అడిగింది. "సారూ, రేపు బోడుప్పల్‌ల నా ఇంటికి స్లాబ్ ఏస్తున్రు. వాన గిట్ల పడ్తదా?"

పదిహేనేళ్లు ఆ బండి వెనక నిలబడి కట్టుకుంటున్న రెండు గదులవి.

"వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం..."

"నేను బంగాళాఖాతంల కట్టుకుంటలేను సారూ. బోడుప్పల్ సంగతి జెప్పు."

తెలంగాణలో భారీ వర్షాలు, కోస్తా అంతా పొడి అని రాత్రి టీవీ స్పష్టంగానే చెప్పింది. కానీ బండి చుట్టూ పదిమంది ఉన్నారు. జనార్ధనరావు అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

"మూడు ప్రాంతాల్లోనూ పొడి వాతావరణమేనమ్మా."

ఆదివారం మధ్యాహ్నం స్లాబ్ పూర్తయిన గంటకే ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. ఇంట్లో కూర్చోలేక, ఆటో దొరక్క, జనార్ధనరావు ఉప్పల్ మీదుగా పరుగూ నడకగా బోడుప్పల్ చేరాడు. అప్పటికే ఒక మూల సిమెంటు కొట్టుకుపోయి కంకర తేలింది. మేస్త్రి మహిపాల్, లక్ష్మీనర్సమ్మ టార్పాలిన్ పట్టా పట్టుకుని గాలితో పెనుగులాడుతున్నారు. ఆయన మూడో కొస పట్టుకున్నాడు. ఇక దాచలేక నిజం కక్కేశాడు.

"టీవీలో వానుందనే చెప్పారమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

లక్ష్మీనర్సమ్మ బిత్తరపోయింది. "ఎందుకు సారూ? నేనేం జేసిన నీకు?"

"అంతమందిలో... మీకు వాన, మాకు ఎండ అని ఎట్లా చెప్పను? ఎవరేమనుకుంటారోనని..."

ఆమె స్లాబ్ వంక చూసింది, ఆయన వంక చూసింది. ఆయన జుట్టు నుంచి, చొక్కా నుంచి, ముక్కు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మీకు ఎండనా? మరి నువ్వేడ తడుస్తున్నవ్ సారూ?"

జనార్ధనరావు సిగ్గుతో తల దించుకుని పట్టా కొస ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.