ఆకుపచ్చ సున్నా

కంప్యూటర్లు బాగుచేసే పద్మశ్రీ, ఇనుము పోతపోసే ఆ చిన్న ఫౌండ్రీకి చేరేసరికే కంప్యూటర్‌లో విండోస్ కొత్తగా వేసి ఉంది. పాతది మొరాయిస్తోందని ఎవరో ఫార్మాట్ కొట్టేశారు. కొలిమి కింది సొరంగంలో విషవాయువు ఎంతుందో చూపించే కంప్యూటర్ అది.

"మళ్లీ పాతలాగ చేసీమ్మా. మనోలు రిపేరుకి కిందకి దిగాల," అన్నాడు సూపర్‌వైజర్ సత్యప్రసాద్.

కంప్యూటర్‌ని పాత స్థితికి తెచ్చే సిస్టమ్ రిస్టోర్‌ని ఆమె తెరిచింది. రిస్టోర్ పాయింట్ ఒక్కటీ లేదు. ఫార్మాట్‌తో పాటే పోయాయి. బీరువాలోంచి బ్యాకప్ డిస్క్ తెప్పించి తగిలించింది. సగం దాకా నడిచి ఎర్రర్ చూపించి ఆగిపోయింది. యాంటీవైరస్ ఆపి మళ్లీ మొదలుపెడితే, ఈసారి పూర్తయింది. పాత ప్రోగ్రామ్ తెర మీదికొచ్చింది. ఆకుపచ్చ రంగులో సున్నా.

"హరా ఆగయా! పచ్చ వచ్చీసింది, ఇంకేటి?" అంటూ సత్యప్రసాద్ వాకీటాకీలో మనుషుల్ని దిగమన్నాడు.

పద్మశ్రీ తెర మీంచి చూపు తిప్పలేదు. గతంలో వచ్చినప్పుడల్లా ఆ అంకె కాస్తయినా కదులుతూ కనబడేది. ఇప్పుడు బిగుసుకుపోయి ఉంది.

"అన్నా, ఆళ్లని ఆగమనండి. ఒకసారి వైరు పీకి సూత్తాను."

"పచ్చగా ఉంది కదమ్మా! పని ఆగిపోతంది."

ఆమె వినలేదు. కింద గాలిని కొలిచే సెన్సార్ల వైరు లాగేసింది. సున్నా అలాగే ఉంది. రంగు కూడా మారలేదు.

"ఇది కింద గాలిని సూడ్డమే లేదన్నా! సెన్సార్లని కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పడలేదు. సిగ్నల్ రాపోయినా సున్నాయే సూపిత్తంది!"

సత్యప్రసాద్ వాకీటాకీ అందుకుని, కిందికి దిగిన మనిషిని పిలిచాడు. "అసిరయ్యా! ఓ అసిరయ్యా!" వాకీటాకీలో గరగర తప్ప జవాబు లేదు.

పద్మశ్రీ గోడ మీది సైరన్ చేత్తో నొక్కింది. మాస్కులు తగిలించుకుని ఇద్దరు దిగారు. ముందు ఒక కుర్రవాణ్ని వాంతులతో తెచ్చారు. తరవాత అసిరయ్యను మోసుకొచ్చారు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఆరుబయట పడుకోబెట్టిన చాలాసేపటికి దగ్గాడు.

"ఏటైనాది? నిద్దరొచ్చీసింది," అన్నాడు.

వాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాక పద్మశ్రీ తన దుకాణానికి వెళ్లి, సరైన డ్రైవర్ కోసం వెతకసాగింది.

మధ్యాహ్నం జుగ్సలాయి బజారులోని ఆ దుకాణానికి సత్యప్రసాద్ ఫోన్ చేశాడు. ఇద్దరికీ ప్రాణభయం లేదట.

"మాలిక్, మన ఓనరుగారు, అడగతన్నారమ్మా. కంప్యూటర్ ఎప్పటికి అవుద్దీ అని. సాయంత్రం షిఫ్టుని దింపాలంట."

"సరైన డ్రైవర్ దొరికీదాక ఎవుర్నీ దింపకండన్నా. నా మాటగా సెప్పండి."

సత్యప్రసాద్ ఫోన్ పెట్టెయ్యలేదు. వెనకాల ఎవరో హిందీలో, సాయంత్రం షిఫ్టుకి దిగాల్సిన మనుషుల పేర్లు వరసగా పిలుస్తున్నారు.