ఐదో అంతస్తు బెల్లు

స్టూలు మీద గుండ్రటి దిండు సర్దుకుని కూర్చుని, ఇనుప జాలీ తలుపు లాగి, లిఫ్టాయన మీట తిప్పాడు. నడుం కింద కండరాలు బిగించి, వదిలి, మళ్ళీ బిగించాడు. పక్కనే నిలబడ్డ గుమాస్తాలకు ఆయన ముఖంలో ఏమీ కనిపించలేదు.

క్యాన్సరని మలాశయం తీసేశాక ఆయన బతుకంతా మరుగుదొడ్డి చుట్టూ తిరిగింది. వెళ్ళొచ్చి కూర్చోగానే మళ్ళీ పిలుపు. పరుగెత్తి వెళితే ఏమీ ఉండదు. కూతురికి ఆడపిల్ల పుట్టినా, దారిలో ఆగని బస్సుకు భయపడి చూడటానికి వెళ్ళలేదు. మనవరాలు పాకుతోందని విన్నాడు, నడుస్తోందని విన్నాడు. ఆ సిగ్గు ఎవరితో చెప్పుకుంటాడు?

ఆసుపత్రి నర్సమ్మే దారి చూపింది. పొద్దున్నే నీళ్ళెక్కించి పేగు కడుక్కోవడం, బిగబట్టే కసరత్తు నేర్పింది. "అక్కడ ఇప్పుడేమీ లేదు బాబాయ్. అయినా పిలుస్తూనే ఉంటుంది. పిలిచినప్పుడల్లా పరుగెత్తకండి, కాసేపటికి అదే ఊరుకుంటుంది," అంది. బెల్లు మోగితే కదలకుండా కూర్చోవడం ఆయన ఉద్యోగంలోనే లేదు. ఆ మాట మింగుడుపడటానికి నెలలు పట్టింది.

ఐదో అంతస్తు సంగతి వేరు. ఎప్పుడో మంటలంటుకున్నాక దాని తలుపులకు చెక్కలు కొట్టేశారు, బెల్లు వైరు కోసేశారు. అయినా లిఫ్టులో దాని దీపం వెలిగేది, బెల్లు మోగేది. అదీ సరిగ్గా ఆయనకు కడుపులో పిలుపు వచ్చినప్పుడే. పేగుతోపాటు మతి కూడా కోసేశారంటారని ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు సాయంత్రందాకా ఆ పిలుపుకు లొంగకపోతే రేపు బస్సెక్కుదామని పొద్దునే ఇంటావిడకు మాటిచ్చాడు. "మీ దిండుకు కూడా టికెట్టు తీయాలేమో," అని నవ్వి, ఆవిడ బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

పిలుపు వచ్చింది. దీపం వెలిగింది. బిగబట్టి కూర్చున్నాడు. పిలుపు సద్దుమణిగింది, దీపమూ ఆరింది. మధ్యాహ్నమూ అంతే. ఆఫీసులు వదిలే వేళ ఇంటికి ఫోను చేశాడు.

"టికెట్లు తీసుకో. పొద్దున్నుంచి ఒక్కసారీ లేవలేదు నేను."



ఫోను జేబులో పెట్టుకోగానే ఐదో అంతస్తు బెల్లు మోగింది. ఈసారి కడుపులో ఏ పిలుపూ లేదు. బెల్లు మాత్రం ఆగలేదు. పాపం, అక్కడెవరో ఇన్నాళ్ళుగా నిలబడే ఉన్నారనిపించింది. కడుపును గెలిచాడు గానీ అలవాటును గెలవలేకపోయాడు. మీట తిప్పాడు.

కాపలావాడు చూస్తుండగానే లిఫ్టు పైకి వెళ్ళింది, కాసేపటికి తనంతట తనే దిగింది. లోపల ఎవరూ లేరు. మెట్లెక్కి చూస్తే ఐదో అంతస్తు చెక్కలకు ఒక్క మేకూ కదల్లేదు.

టికెట్లు పట్టుకుని వచ్చిన ఇంటావిడ లిఫ్టులోకి వంగి స్టూలు మీద చెయ్యిపెట్టింది. తను కుట్టిచ్చిన దిండు, మధ్యలో బెజ్జంతో, ఇంకా వెచ్చగానే ఉంది.