మూడో చరణం

దేవరాజ్ నెలలో సగం రోజులు బొమ్మలు వేస్తాడు, సగం రోజులు వేదిక మీద పాడే పాటలు రాస్తాడు. చిక్కబళ్ళాపురంలో ప్రదర్శన ముగిస్తే బాగేపల్లిలో గోష్ఠి. రెండు చోట్లా చప్పట్లే. చింతామణిలో అంగళ్ళ బోర్డులు రాసుకుంటూ, తీరిక దొరికితే బొమ్మలు వేసే మునికృష్ణప్పకు అతను కంట్లో నలుసు.

అసలు మంట వేరే. భార్య చౌడమ్మ ఏనాడూ ఆయన బొమ్మ ముందు నిలబడి చూసిన పాపాన పోలేదు. దేవరాజ్ టమోటా కూలీల మీద రాసిన పాటను మాత్రం మూడు చరణాలూ నోటికి తెచ్చుకుంది. పదేళ్ళపాటు రోజూ పొద్దున సంగటి కెలుకుతూ అదే పాడింది. ఆయన పళ్ళు బిగించి విన్నాడు. ఆమె పోయి రెండేళ్ళయినా క్షమించలేదు.

మొన్న దేవరాజ్ ఇంటికొచ్చాడు. పాట రాసుకున్న పుస్తకాన్ని చెదలు తిన్నాయట. ఆదివారం బాగేపల్లిలో పాడాలి, మూడో చరణం గుర్తు రావడంలేదు.

"వదిన దినామూ పాడుతాండె గదన్నా. నీకేమన్నా గుర్తుండాదా?"

"ఆయమ్మతోనే పోయిందప్పా."

నిజానికి ఆయన జ్ఞాపకంలోంచి ఒక్క మాటా పోలేదు.

ఆదివారం మునికృష్ణప్ప, తాను వేసిన చౌడమ్మ బొమ్మ తీసుకుని బాగేపల్లికి వెళ్ళాడు. దేవరాజే దాన్ని వేదిక పక్క గోడకు తగిలించాడు. బొమ్మలో చౌడమ్మ నోరు గట్టిగా మూసుకుని ఉంది.

రెండు చరణాలయ్యాక పాట ఆగింది. దేవరాజ్ నుదుట చెమట. ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్న మునికృష్ణప్పకు కడుపు చల్లబడింది.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు మూడో చరణం ఎత్తుకుంది. చింతామణి నుంచి టెంపోలో వచ్చిన కూలి ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. చౌడమ్మ సాగదీసినచోటల్లా సాగదీశారు.

"చౌడమ్మక్క టమోటా కోతల్లో మాకందరికీ నేర్పిండాదిలేప్పా," అంది ముసలామె. "నువ్వు మరిస్తే మేముండాము, పాడు."

హాలంతా నవ్వింది. గోడ మీది బొమ్మను ఒక్కరూ చూడలేదు. మునికృష్ణప్ప లేచి దాన్ని మేకు నుంచి దించాడు.

"ఇంకా అయిపోలేదన్నా," అన్నాడు దేవరాజ్.

"నాకైపోయిందప్పా."

బస్సులో బొమ్మను తనవైపు తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. చేలూరు దాటాక తన నోరే మూడో చరణం అందుకుంది, ఆమె సాగదీసినట్టే. మునికృష్ణప్ప పెదవులు కరిచిపట్టి, బొమ్మను బోర్లించాడు.