ఎడమ చానెల్

పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ ఇంట్లో గిన్నె కదలకూడదు. ఫ్యాను తిరగకూడదు, కుళాయి కారకూడదు, ఆమె దగ్గకూడదు. బయటివాళ్ళకి ఆమె భర్త పేరు తేనెగొంతు. కథల పుస్తకాలు చదివి రికార్డు చేస్తాడు. చూపులేనివాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు, పిల్లల్ని పడుకోబెట్టే తల్లులు ఆ గొంతు వింటారు. ఒకావిడ ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేసి, "అంత మెత్తటి మనిషితో కాపురం! ఏం పుణ్యం చేసుకున్నావో తల్లీ" అంది. వాచిన వేళ్ళతో ఫోను పట్టుకుని, "అవునండీ" అంది ఆమె.

అతను చదివే చివరి గది కిటికీలకీ గోడలకీ దళసరి దుప్పట్లు వేలాడుతుంటాయి. పెళ్ళయిన కొత్తలో వాటిని ఆమే కుట్టింది, బయటి చప్పుడు లోపలికి రాకుండా ఉంటుందని ముచ్చటపడి మరీ కుట్టింది. లోపలి చప్పుడు కూడా బయటికి పోదని తర్వాత తెలిసింది.

చదవడం అతని పని. తర్వాతిదంతా ఆమె చేస్తుంది కాబట్టి దానికి పని అన్న పేరు లేదు. గుటకలు, దగ్గులు కత్తిరించాలి. రికార్డరులోంచి వచ్చిన బరువైన వేవ్ ఫైలుని స్టూడియోవాళ్ళు అడిగే ఫ్లాక్ ఫైలుగా మార్చాలి. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి ఫైలుని అందులోకి లాగితే చాలు, ఎక్కడికీ పంపకుండా ఈ కంప్యూటర్‌లోనే మారుస్తుంది. "నా గొంతు ఊరి మీద పడకూడదు" అంటాడని ఆమె ఏరికోరి అలాంటి పేజీ వెతికింది. అదేమిటే అని అత్తగారు అడిగితే, "దుప్పటి మడతపెట్టడం లాంటిదత్తయ్యా. చోటు తక్కువ పడుతుంది, విప్పితే ఒక్క దారం కూడా తగ్గదు. లాస్‌లెస్ అంటారు" అని చెప్పింది. అతను మాత్రం, "లాగి పడేయడమేగా, కోతి కూడా చేస్తుంది" అన్నాడు.

చదవడం అయిపోయినా రికార్డరు వెంటనే ఆపరు. కొంతసేపు ఉత్త గదిని కూడా రికార్డు చేస్తారు. దగ్గు కత్తిరించిన చోట అతుకు వేయడానికి ఆ ఖాళీ కావాలి. దాన్ని గది నిశ్శబ్దం అంటారు.

ఆ రోజు పొద్దున అతను పిల్లల కథ ఆఖరి అధ్యాయం చదువుతుంటే, వంటింట్లో ఆమె తడిచేతిలోంచి పళ్ళెం జారింది. నేలకి తగలకముందే మోకాలు అడ్డంపెట్టింది గాని, అంచు గచ్చుకి తగిలి టంగుమంది. అతని గొంతు తొణకలేదు. కుందేలుపిల్ల తల్లి ఒడిలో పడుకునేదాకా అదే మెత్తదనంతో చదివాడు. ఆ తర్వాత తలుపు తీసి, వేలితో సైగ చేశాడు. ఆమె వెళ్ళింది. వెళ్ళకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తలుపు వేశాడు. రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

మొదటి దెబ్బకి తల గోడకున్న దుప్పటికి కొట్టుకుంది. రెండోది, అరచెయ్యి బోర్లించినట్టుగా, సరిగ్గా ఎడమచెవి మీద పడింది. లోపల ఏదో కాగితం చిరిగినట్టయింది. కిందపడ్డదాన్ని డొక్కలో తన్నాడు. ఆమె పమిట నోట్లో కుక్కుకుంది. భయంతో కాదు, గది నిశ్శబ్దం పాడవుతుందని. అలవాటు మనిషిని ఎంతదాకా తీసుకుపోతుందంటే, నోట్లో నెత్తురు ఉప్పగా తగులుతున్నా ఆమె కళ్ళు ఆ ఎర్రదీపం మీదే ఉన్నాయి. "చివర కత్తిరించెయ్. నిన్నటి ఖాళీ వాడు" అని అతను బయటికి నడిచాడు.

ఆమె ముఖం కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. చెవిలో హోరు. అది కొత్త కాదు, మధ్యాహ్నానికి తగ్గుతుంది. చివర కత్తిరించి, ఫైలు మార్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని సరిచూసింది. ఎడమవైపు మాట లేదు. కుడివైపు కుందేలుపిల్ల హాయిగా గెంతుతోంది. పేజీ తప్పు చేసిందనుకుని మళ్ళీ మార్చింది. లేదు. ఇంకో బ్రౌజర్ తెరిచింది. లేదు. తెరమీద చూస్తే రెండు వరుసల్లోనూ అలలు ఒకే ఎత్తున, కవలపిల్లల్లా ఉన్నాయి. నష్టం జరగదని రాసిన చోటే ఇంత నష్టమేమిటి? దాచితే ఇంకా పెద్దదవుతుందని తనే వెళ్ళి చెప్పింది.

"ఎడమవైపు పోయిందా? నెల రోజుల నా కష్టం పోగొట్టావా?" జుట్టు పట్టుకుని లాక్కొచ్చి, ముఖాన్ని తెరకి ఆనించి, నుదురు బల్లకేసి కొట్టాడు. "చూడు. బాగా చూడు. ఆ స్టూడియో పిల్లకి ఫోన్ చేసి కాళ్ళు పట్టుకో. నేను స్నానం చేసి వచ్చేసరికి ఫైలు వెళ్ళిపోవాలి."

స్టూడియో పిల్ల అంటే అక్కడ శబ్దాలు సరిచేసే అమ్మాయి. ఎప్పుడూ ఏదో నములుతూ మాట్లాడుతుంది. "ఓస్ అంతేనా అక్కా! హెడ్‌ఫోన్ వైరు పోయుంటుంది. తిప్పి పెట్టుకో. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. ఇప్పుడు ఎటు వినపడట్లేదు?"

ఆమె తిప్పి పెట్టుకుంది. "ఎడమవైపే."

"సరిగ్గా తిప్పావా?"

"తిప్పానమ్మా. ఎడమవైపే."

అవతల నమలడం ఆగింది. ఆ అమ్మాయి, "ఫైలు బాగానే ఉందక్కా" అంది.

ఆ మాట ఎంత మెల్లిగా అందంటే, దెబ్బ తగిలినచోట ఎవరో వేలితో కాక ఊపిరితో తాకినట్టుంది.

"ఇదివరకోసారి చివర కత్తిరించడం మర్చిపోయావు" అంది అమ్మాయి. "విన్నాను. నువ్వే చెప్తావేమోనని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పక్కా. ఇవాళ్టిది కత్తిరించకుండా పంపు. మా పెద్ద మేడమ్ ముందు పెడతాను. తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్ళాలన్నా, ఏ ఆఫీసుకి వెళ్ళాలన్నా నీ పక్కన నేనుంటాను. ముందు నువ్వు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళు. పోయింది పోయినట్టు వదిలేయకు."

ఆమె ఫోను పెట్టేసి బయటికి చూసింది. వాకిట్లో అత్తగారు ఎప్పటిలాగే ఎడమవైపు గోడకి ఆనుకుని, కుడిచెవి ఇంట్లోకి పెట్టి, చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎటునుంచి పిలిచినా ఆవిడ మెడ మొత్తం తిప్పి చూస్తుంది. "చెవిటి మాలోకం" అని కొడుకు నవ్వుతాడు. కోడలూ ఒకటిరెండుసార్లు నవ్వింది. ఇన్నాళ్ళూ అది ముసలితనం అనుకుంది. ముసలితనం ఒక్క చెవికే ఎందుకు వస్తుంది?

వెళ్ళి ఆవిడ కుడివైపు కూర్చుంది. "అత్తయ్యా, మావయ్యగారిది కుడిచేతి వాటమా?"

ఆవిడ చిక్కుడుకాయ పట్టుకునే, కోడలి నుదుటి మీది బొప్పినీ, చెవి దగ్గర ఎండిన చారనీ చూసింది. "ఎడమచేతి వాటమైతే కుడిచెవి పోయుండేది" అంది. "నేను అడగాల్సింది. వాడు నా కొడుకని అడగలేదు" అని కొంగు తడిచేసి, ఆ చారని చర్మం కందకుండా, నిదానంగా తుడిచింది.

బాత్‌రూమ్‌లో నీళ్ళు పడుతున్నాయి. ఆమె లోపలికొచ్చి రికార్డరు కార్డులో ఉన్న, కత్తిరించని అసలు ఫైలుని బ్రౌజర్ పేజీలోకి లాగింది. కుందేలుపిల్ల పడుకున్నాక తెరమీద అలలు చదునయ్యాయి. ఆ తర్వాత ఒక తలుపు, ఒక్కసారిగా లేచిన రెండు పొడుగు గీతలు, డొక్కలో తన్నిన పొట్టి గీతలు, "చివర కత్తిరించెయ్" అన్న మాట. పమిటలో కుక్కుకున్న ఏడుపు కూడా సన్నటి నూగులా కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ గొంతుని శుభ్రం చేయడమంటే తనని తీసేయడమే. కత్తెర గుర్తు మీదికి అలవాటుగా వెళ్ళిన వేలిని వెనక్కి తీసుకుంది. ఫ్లాక్‌గా మార్చింది. పంపింది. వచ్చిందక్కా, అంతా వచ్చింది, అని జవాబొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

రికార్డరులోని కార్డు తీసి పర్సులో వేసుకుంది. చిక్కుడుకాయల చేట పక్కకి జరిపి, అత్తగారి చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. "చెవుల డాక్టరు దగ్గరికత్తయ్యా. ఇద్దరం."

"నాకెందుకే ఇప్పుడు?"

"నాకు తోడుగా రండి. చూపించుకోవాలో వద్దో అక్కడ చూద్దాం."

ఆవిడ చెప్పులేసుకుంది.

ఇంటి గోడ వెంబడే సందులో ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. బాత్‌రూమ్ కిటికీ దడాలున తెరుచుకుంది. "ఏయ్! ఎక్కడికి? ఫైలు పంపావా లేదా?" దుప్పట్లు లేని కిటికీ అది. ఎదురింటి బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ ఆగి, తేనెగొంతుని మొదటిసారి అసలు గొంతుతో విన్నది.

అత్తగారు నిలబడి, మెడ మొత్తం తిప్పి కోడలి ముఖంలోకి చూసింది. "ఏమంటున్నాడే వాడు?"

కోడలి కుడిచెవికి అంతా వినిపిస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుంటూ ఆమె అంది:

"ఏమోనత్తయ్యా. మన ఎడమవైపున్నాడు."