నిలువు, అడ్డం, గుడ్డి

మా ఆడబిడ్డ సుమలతకు దొడ్డబళ్లాపురం దగ్గరి ఒక వైన్ తోట నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. చూడవచ్చిన వాళ్లకు వైన్ రుచి చూపించి వివరించే ఉద్యోగం. రాకపోతే మళ్లీ ధర్మవరం వెళ్లి పట్టుచీరల కొట్లో మడతలు పెట్టడమే. ఆరేళ్లు పెట్టింది. ఇంకొక్క చీర మడిచినా చేతులు పడిపోతాయంటోంది.

ఇబ్బందల్లా ఒక్కటే. మా హిందూపురం ఇంట్లో వైన్ అన్న మాట దుకాణం బోర్డు మీద తప్ప ఎవరూ చూడలేదు.

వాళ్లు పంపిన కాగితాలు నేనే చదివాను. నా డిగ్రీకి ఇన్నాళ్లకు ఒక పని తగిలింది. రుచి చూడటంలో రకాలున్నాయట. ఒకే తోట వైన్‌ను ఏడాది వారీగా వరసపెట్టి చూస్తే నిలువు. ఒకే ఏటి వైన్‌ను నాలుగు తోటలవి పక్కపక్కన పెట్టి చూస్తే అడ్డం. సీసా పేరు దాచేసి చూస్తే గుడ్డి.

వైన్ లేదు కాబట్టి మామిడికాయ ఊరగాయతో మొదలుపెట్టాను. మా జాడీల్లోని ఈ ఏటిది, పోయినేటిది, ముందటేటిది నిలువు. ఈ ఏడు పెట్టినవే మాది, పెనుకొండ పిన్నమ్మది, పక్కింటి రేష్మది అడ్డం. ఆపైన తువ్వాలుతో సుమలత కళ్లు కట్టేశాను, అది గుడ్డి.

మా అత్త తిప్పమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"తాగేది నేర్చుకునేదానికి ఇన్ని సోకులా?"

"తాగేది కాదు మా, రుచి చూసేది," అంది సుమలత.

"మీ నాయన గూడా అట్లే అంటాండె."

సుమలత ముక్క నమిలింది. "ఇది రేష్మక్కది వదినా. మెంతులు మాడ్చింది."

"ఆ మాట ఆయమ్మ ముందర అనాకు," అంది అత్త.

ఇంటర్వ్యూకు తోడు వెళ్లి మూలన కూర్చున్నాను. మేనేజరు శంకరప్ప మడకశిర వైపు మనిషి. నిలువు, అడ్డం, గుడ్డి అన్నీ సుమలత గడగడా చెప్పింది. ఆయన ఎర్ర వైన్ గ్లాసు ముందు పెట్టి రుచి చూడమన్నాడు.

సుమలత తల పైకెత్తి, పెదవి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసుకుంది. సగం చుడీదార్ మీద పడింది. అన్నీ నేర్పాను గానీ గ్లాసు సంగతి నాకు తట్టలేదు.

"ఏమ్మా, ఇదేం పద్ధతి?"

"ఎంగిలైతాది గదా సార్."

"గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూడాల్నమ్మా. ముందెప్పుడూ తాగలేదా?"

"లేదు సార్."

"ఎట్లుండాది?"

"పాసిపోయిన చింతపండు పులుసు మాదిరి ఉండాది సార్."

పని అయిపోయిందనుకుని నేను సంచి భుజాన వేసుకున్నాను. శంకరప్ప మాత్రం నవ్వలేదు. ముందున్న ఇద్దరు గైడ్లూ వచ్చినవాళ్ల కంటే ఎక్కువ రుచి చూసేవాళ్లట. సాయంత్రానికి వాళ్లను జీపులో వేసి ఇళ్లకు చేర్చాల్సి వచ్చేదట.

"నిజంగా నచ్చలేదా?"

"నిజంగా సార్."

"సోమవారం వచ్చేయ్. గ్లాసు పట్టుకునేది మేము నేర్పిస్తాము."

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. అయినా ఆ చుడీదార్ వాసనకు హిందూపురం దాకా మా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.